పాకాలలో ఆగిన పుస్తకం

కుట్టు వేసింది నేనే.
కాన్పుల వార్డులో మిగిలిపోయిన నల్ల పట్టుదారంతో
ఇన్నూరు పేజీల రూళ్ల పుస్తకం నడుముకి
ఏడు కుట్లు.
చిత్తూరు పెద్దాసుపత్రిలో ట్రైనింగు ముగిసి
తలా ఒక ఊరికి చెదిరిపోయే రోజు
జైతూన్ అనింది:
"జాబు రాస్తే ఒకరికే మే. పుస్తకమైతే అందరికీ."

షరతులు అట్ట లోపల, రెడ్డెమ్మ గుండ్రటి రాతలో:
పది దినాలకంటే పెట్టుకోకూడదు.
ఇంట్లో మగోళ్లకి చూపకూడదు.
పేజీ చింపకూడదు, కొట్టేసినా కిందిది కనబడాల.
స్టాంపుల ఖర్చు పంపేవాళ్లది.

గ్రీమ్స్‌పేటలో మా ఇంటినుంచి పలమనేరు,
ఆడినుంచి పుంగనూరు, మదనపల్లె, పీలేరు,
పుత్తూరు మీదుగా నగరి దాకా పోయి
మళ్లా నా గడప తొక్కేసరికి
పూతలో పంపింది కాయలో వచ్చేది.

ఎవరి పేజీనో వేలు పెడితే తెలిసేది.
మదనపల్లెది టమాటా గింజ ఎండి అతుక్కుని గరుగ్గా ఉండేది.
వళ్లియమ్మ తెలుగులోనే మొదలుపెట్టేది
కోపమొస్తే అరవంలోకి దిగిపోయేది.
ఆ వరసలు మాకెవరికీ రావు,
పెన్ను ఎంత అదిమిందో
వెనక పేజీలో తడిమి చూసుకునేవాళ్లం.
సుగుణమేరీ లెక్కలే రాసేది:
ఈ నెల పద్నాలుగు కాన్పులు. ఒక బిడ్డ ఏడవలేదు.
అంతే. కింద సగం పేజీ ఖాళీ.
ఆ ఖాళీలో ఎవరమూ రాయలేదు,
నిద్రపోయే మనిషిని దాటకుండా
చుట్టు తిరిగి పోయినట్టు పోయినాం.

తొంభై ఆరులో, తొమ్మిదో పుస్తకం
పీలేరు వదిలింది, పుత్తూరు చేరలేదు.
కార్డులు రాసుకున్నాం. కార్డులో ఏముంటుంది,
వచ్చిందా.
రాలేదు.
నీ దగ్గరే పెట్టుకున్నావేమో, సరిగా చూడు.
ఆ చివరి మాటకి మునిరత్నం రెండేళ్లు పలకలేదు.
అందులో నేను రాసిన సంగతి ఒకటుంది,
మా ఆయన వినేటట్టు ఊపిరి కూడా తీయలేని సంగతి.
ఎనిమిది నెలలు
పోస్టుమాన్ సైకిలు గంట కొడితే
చేతిలో ఏ గిన్నె ఉంటే ఆ గిన్నె కింద పెట్టేదాన్ని.

గోనెపట్టలో చుట్టి, కొత్త పురికోస కట్టి
ఒక మాపటేళ వచ్చింది.
ఆఖరి పేజీలో పెన్సిలు రాత, మాలో ఎవరిదీ కాదు:

"వానకి చిరునామా చెరిగిపోయింది. ఎవరిదో కనుక్కోను
విప్పినాను. మొదటి పేజీలోనే అందరి అడ్రసులూ ఉన్నాయి,
అది చాలేది. అయినా చదివినాను. క్షమించండి.
మా ఇంట్లో ఆమెకి ఎనిమిదో నెలలో కాళ్లు, మొకం వాచినాయి.
నీరే అన్నారు ఇంటోళ్లు. నలభై మూడో పేజీ చూసి
ఆ రాత్రే తిరుపతి ఆసుపత్రికి తీసకపోయినాను.
ఇద్దరూ బాగుండారు. ఆలస్యానికి కారణం అదీ, ఇదీ.
పాకాల, సార్టింగు."

పేరు లేదు.

మగోడి రాత, ఆ పేజీ కత్తిరించమనింది రెడ్డెమ్మ.
నీ షరతే కదమ్మా, చింపకూడదని, అనింది సుగుణమేరీ,
లెక్కలు కాకుండా ఆమె రాసిన మొదటి వరస అది.
పుస్తకం ఇంకో చుట్టు తిరిగొచ్చేసరికి
పెన్సిలు రాత కింద జైతూన్ ఎర్ర ఇంకుతో అడిగి ఉంది:
"ఆడబిడ్డా, మగబిడ్డా?"
ఎవరికి పంపాల దాన్ని, ఏ చిరునామాకి.

నలభై మూడో పేజీ నాది.
పై సగంలో వాచిన కాళ్లు, బీపీ, చేయాల్సిన పని.
కింది సగంలో ఆ సంగతి.
పైది చదివినోడు కింద ఆగి ఉంటాడా.
ఒక్క ముక్క రాయలేదు దాని గురించి.

ఇప్పటికీ పాకాలలో బండి నిలిస్తే
కిటికీలోంచి కొంగు తలమీదికి లాక్కుంటాను.
ప్లాట్‌ఫారం మీద టీ అమ్మే పిల్లోడు
"ఏమవ్వా, ఎండా?" అంటాడు.
అవునంటాను.
వాడి వయసు లెక్కేస్తాను.